ఎలక్ట్రిక్ గిటారుకు ఏ చెక్క? తోటలో పడిన పనసా, పాత మిద్దె టేకు దూలమా?

ప్రశ్న: కొర్లగుంట గిటారు (తిరుపతి)

అందరికీ నమస్కారం. ఫెండర్ కంపెనీ టెలికాస్టర్ గిటారు ఆకారంలో ఒక సాలిడ్ బాడీ ఎలక్ట్రిక్ గిటారును, వీలైతే నెక్‌తో (తీగలు సాగే పొడవాటి మెడతో) సహా, ఇక్కడ దొరికే చెక్కతోనే చేయించుకోవాలని నిశ్చయించుకున్నాను. పికప్‌లు (తీగ కదలికను కరెంటుగా మార్చే చుట్టలు), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం), ట్యూనర్లు, ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) బయటినుంచి తెప్పిస్తాను. కొయ్యపని మాత్రం మా వీధిలో తలుపులూ కిటికీలూ చేసే ఆచారి గారు చేస్తానన్నారు. ఆయన పనితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు గానీ, ఆయన ఇంతవరకు గిటారు చేయలేదు కాబట్టి కొలతలనూ చెక్కనూ నేనే తేల్చి ఆయన చేతిలో పెట్టవలసి ఉంది.

పాకాల దగ్గర మా పెదనాన్నగారి తోటలో గాలివానకు కూలిన పనస చెట్టును కోతమిల్లులో రెండంగుళాల పలకలుగా కోయించి షెడ్డులో పేర్చి ఉంచారు. కోయించి రెండేళ్లు దాటింది. చంద్రగిరిలో మా అమ్మమ్మగారి పాత మిద్దెను విప్పినప్పుడు దిగిన టేకు దూలం ఒకటి కూడా మా దగ్గరే ఉంది. అది ఎన్నేళ్లనాటిదో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఇవి కాక, చిత్తూరు చుట్టుపక్కల ముదిరిపోయిన తోటాపురి తోటలను కొట్టేసినప్పుడు వచ్చే మామిడి పలకలు చవకగా దొరుకుతున్నాయి. ఇవేవీ వద్దనుకుంటే బెంగళూరు నుంచి దిగుమతి ఆల్డరో, ఆషో తెప్పించుకోవచ్చు. ఒక మిత్రుడైతే, శేషాచలం కొండల పక్కనే ఉంటూ ఎర్రచందనంతో చేయించుకోకపోవడం అన్యాయమని వాదిస్తున్నాడు.

నేను తేల్చుకోలేకపోతున్నవి ఇవి. బాడీ చెక్క మారితే ధ్వని నిజంగా వినిపించేంతగా మారుతుందా? రెండేళ్లు ఆరిన పనస గిటారుకు పనికివచ్చేంత ఎండినట్టేనా? నెక్‌కు మేపుల్ తప్ప గతి లేదా, లేక ఆ టేకు దూలంలోంచే నెక్ తీయవచ్చా? అనుభవం ఉన్నవారు కారణాలతో చెబితే, ఆచారి గారికి కూడా చదివి వినిపిస్తాను.

జవాబు: పలమనేరు కొయ్యపని

మీరు బాడీతో మొదలుపెట్టి నెక్‌ను చివర అడిగారు. నేనైతే ముందు నెక్ సంగతి తేల్చుకొని, బాడీని మిగిలిన చెక్కలోంచి ఎంచుకుంటాను. ఎందుకంటే సాలిడ్ బాడీ అంటే నలభై అయిదు మిల్లీమీటర్ల మందం ఉన్న దిమ్మ. అది వంగదు, విరగదు, కొద్దిగా ఉబ్బినా వాద్యానికి వచ్చే నష్టం లేదు. నెక్ అలా కాదు. వేలెడు మందం కూడా లేని పొడవాటి కర్ర మీద సాధారణ పదో నంబరు తీగల సెట్టు దాదాపు 46 కిలోల లాగుడును ఏడాది పొడవునా పెడుతుంది. ఆ కర్ర అర మిల్లీమీటరు పక్కకు తిరిగినా వాయించే చేతికి తెలిసిపోతుంది. కాబట్టి మీ దగ్గర ఉన్నవాటిలో అతి నిలకడైన ముక్కను నెక్‌కు కేటాయించాలి, ఆ ముక్క మీ టేకు దూలమే అని నా అభిప్రాయం.

మేపుల్‌కు ఉన్న పేరు చూసి టేకును తక్కువ చేయనవసరం లేదు. పచ్చి చెక్క పూర్తిగా ఎండేసరికి టేకు, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం, వలయాల వెంబడి సుమారు 5.8 శాతం కుంచించుకుపోతుంది. గట్టి మేపుల్‌కు ఆ అంకెలు దాదాపు 4.8, 9.9. అంటే తేమ ఎక్కి దిగే మన వాతావరణంలో మేపుల్ కంటే టేకే తక్కువ కదులుతుంది. బిగువులో మేపుల్‌దే కొంచెం పైచేయి గానీ, నెక్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు మందంగా ఉంచితే ఆ తేడా పూడిపోతుంది. ఫెండర్ మొదటినుంచీ మేపుల్ వాడింది కాబట్టి లోకమంతా మేపుల్ వాడుతోంది. అమెరికాలో అది సులువుగా దొరికే గట్టి చెక్క కావడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇక బాడీ. దీనికి చెక్క పేరు కంటే బరువును ముందు చూడండి. టెలికాస్టర్ బాడీలో పికప్‌ల గుంటలు తీసివేశాక మిగిలే చెక్క సుమారు నాలుగు లీటర్ల ఘనపరిమాణం ఉంటుంది. ఆల్డర్ సాంద్రత లీటరుకు సుమారు 0.45 కిలో కాబట్టి ఆ బాడీ 1.8 కిలోలు తూగుతుంది. పనస 0.6 దగ్గర ఉంటే 2.4 కిలోలు, టేకు 0.65 అయితే 2.6 కిలోలు అవుతాయి. నెక్, ట్యూనర్లు, బ్రిడ్జి, మిగతా సామాను కలిసి ఇంకో కిలోన్నర. ఆల్డర్ గిటారు 3.3 కిలోల్లో ముగిస్తే పనస గిటారు 3.9 కిలోలకు చేరుతుంది. నిలబడి రెండు గంటలు వాయించే భుజానికి ఆ అరకిలో చిన్నది కాదు. ఒకే జాతి చెక్కలో కూడా చెట్టుకూ చెట్టుకూ తేడా ఉంటుంది కాబట్టి పుస్తకంలోని అంకెను నమ్మకుండా మీ పలకనే తూచండి. పొడవు, వెడల్పు, మందాలను సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు వస్తాయి. కిరాణా కొట్టు కాటా మీద వచ్చిన కిలోలను ఆ లీటర్లతో భాగిస్తే మీ పలక సాంద్రత తేలుతుంది.

పనస బరువనిపిస్తే లోపల గదులు తొలిపించవచ్చు. ఫెండర్ కంపెనీయే బరువైన ఆష్‌తో వచ్చిన చిక్కును తప్పించుకోవడానికి 1968లో థిన్‌లైన్ టెలికాస్టర్‌ను లోపల బోలుగా చేసి విడుదల చేసింది. మీ ఆచారి గారు వెనుకనుంచి గుంటలు తొలిచి పైన ఆరు మిల్లీమీటర్ల పలక అతికిస్తే సరిపోతుంది. అయితే బ్రిడ్జి కింద, నెక్ కూర్చునేచోట, ఆ రెండింటినీ కలిపే మధ్యభాగంలో మాత్రం చెక్కను ముట్టకూడదు.

రెండేళ్లు ఆరిన రెండంగుళాల పలక గురించి అడిగారు. నీడలో ఆరబెట్టే చెక్కకు అంగుళానికి ఏడాది అని కోతమిల్లుల్లో చెప్పే లెక్క ప్రకారం మీ పనస అంచుకు చేరింది, అంతే. తిరుపతి గాలిలో చెక్క ఒకచోట నిలవదు. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ 9 శాతం దగ్గర ఆగుతుంది, గాలి తేమ 80 శాతానికి పెరిగితే అదే చెక్క 15 శాతం దాటుతుంది. అంటే మే నెలలో తూచిన పలకకూ, ఈశాన్య రుతుపవనాల వానల్లో నవంబరులో తూచిన పలకకూ బరువు ఒకటి కాదు. షెడ్డులోంచి తెచ్చి, మీరు గిటారు ఉంచుకోబోయే గదిలోనే పలకల మధ్య బద్దలు పెట్టి పేర్చండి. వారానికోసారి తూచి, బరువు నిలకడకు వచ్చేవరకు ఆచారి గారిని ఉలి పట్టనివ్వకండి. కచ్చితమైన అంకె కావాలంటే, పలక కొన నుంచి కాకుండా మధ్యనుంచి చిన్న ముక్క కోసి తూచి, వంటింటి ఓవెన్లో 100 డిగ్రీలు దాటిన వేడిలో బరువు తగ్గడం ఆగిపోయేవరకు ఉంచి మళ్లీ తూచండి. 56 గ్రాముల ముక్క 50 గ్రాములకు దిగితే అందులో ఉన్న తేమ 12 శాతం. అక్కడినుంచి పని మొదలుపెట్టవచ్చు.

మామిడి గురించి ఎక్కువ చెప్పను. చూడటానికి అందంగా ఉంటుంది, హవాయి దీవుల్లో దానితో మంచి ఉకులేలేలు చేస్తారు. కానీ కోసిన వెంటనే ఎండబెట్టకపోతే నల్లబడుతుంది, పురుగు త్వరగా పడుతుంది, బోరాక్సు నీళ్లలో శుద్ధి చేయకుండా ఇంట్లోకి తెచ్చుకోవడం మంచిది కాదు. చెట్టు కొట్టిన వారానికే లారీకి ఎక్కించిన చవక పలకల వెంట మీరు పడవద్దు.

మీరు అడగని ఒక చెక్కను చేర్చనివ్వండి. గుమ్మడి టేకు, అంటే చవక తలుపులకు వాడే లేతరంగు చెక్క, సాంద్రతలో 0.45 నుంచి 0.5 మధ్య ఉంటుంది. టేకు కుటుంబానికే చెందినా అది అసలు టేకు కాదు, వేరే చెట్టు. ఎండేటప్పుడు పెద్దగా వంకరపోదు, ఉలికి లొంగుతుంది, బరువులో ఆల్డర్‌కు అతి దగ్గరి బంధువు. పనస సెంటిమెంటు లేకపోతే, దిగుమతి ఆల్డర్‌కు డబ్బు పోసే ముందు డిపోలో దీన్ని అడిగి చూడమంటాను.

జవాబు: భాకరాపేట వాసి

ఎర్రచందనం మాట వచ్చింది కాబట్టి ఆ ఒక్క విషయానికే జవాబిస్తున్నాను. అది వాద్యాలకు పనికిరాని చెక్క అని ఎవరూ అనలేరు. జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాద్యానికి దండిగా అతి ఖరీదైన రకంలో వాడేది ఎర్రచందనమే, మన కొండల నుంచి ఆ చెక్క అక్కడికి తరలడానికి అదీ ఒక కారణం. కానీ ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలో, అంటే మన శేషాచలం, వెలికొండ, నల్లమల ప్రాంతాల్లోని చిన్న పరిధిలోనే. 1995 నుంచి ఇది, ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. రాష్ట్రంలో దీన్ని కొట్టడానికీ, దగ్గర ఉంచుకోవడానికీ, తరలించడానికీ అటవీశాఖ అనుమతి పత్రాలు తప్పనిసరి. పట్టుబడిన దుంగలను ప్రభుత్వం వేలం వేసేది కూడా పెద్ద కొనుగోలుదారులకే గాని, గిటారుకు ఒక పలక కావాలని వెళ్లేవారికి కాదు. ఎవరి ఇంట్లోనో పాత ముక్క ఉందని, తక్కువకే ఇస్తారని మీ మిత్రుడు చెప్పినా, ఆ ముక్కకు కాగితం లేకపోతే అది మీ చేతికి వచ్చిన క్షణంనుంచి కేసు మీదే అవుతుంది.

చట్టాన్ని పక్కన పెట్టినా లెక్క కుదరదు. దాని సాంద్రత ఒకటి దాటుతుంది, నీటిలో మునుగుతుంది. పై జవాబులోని నాలుగు లీటర్ల లెక్కతో బాడీ ఒక్కటే 4.2 కిలోలు, గిటారు మొత్తం 5.7 కిలోలు. 1968లో ఫెండర్ బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ కోసం చేసిన రోజ్‌వుడ్ టెలికాస్టర్ కూడా బరువుకు పేరుపడినదే. ఎర్రచందనం దానికంటే బరువైన చెక్క.

ఫ్రెట్‌బోర్డుకు, అంటే నెక్ మీద వేళ్లు నొక్కే పలకకు, రోజ్‌వుడ్ కొంటే దానికీ బిల్లు అడిగి తీసుకోండి. 2017 జనవరి నుంచి, అప్పటికే మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ రకం తప్ప, రోజ్‌వుడ్ జాతులన్నీ సైటీస్ రెండో అనుబంధంలోకి వచ్చాయి. 2019 నవంబరు నుంచి పూర్తయిన వాద్యాలకు సడలింపు ఇచ్చారు గానీ, విడి చెక్కకు ఆ సడలింపు వర్తించదు.

జవాబు: వీణ విద్యార్థిని (తిరుపతి)

పనస అనగానే వీణ గుర్తుకు వచ్చి చాలామంది మీకు ఇదే సలహా ఇచ్చి ఉంటారు. బొబ్బిలి, నూజివీడు, తంజావూరు వీణలు, మృదంగం కట్టెలు పనసతోనే చేస్తారు కాబట్టి గిటారుకు కూడా నాదం వస్తుందని వారి ఆలోచన. పనసకు ఆ గౌరవం న్యాయమైనదే, కానీ ఆ కారణంతో దాన్ని సాలిడ్ బాడీ గిటారుకు ఎంచుకోవడం తర్కానికి నిలవదు. వీణలో కుండను లోపలంతా తొలిచి గోడను పలుచగా దించుతారు, పైన పలుచని పలక కప్పుతారు, దండి కూడా లోపల బోలుగానే ఉంటుంది. తీగ కంపనం గుర్రం (వీణ బ్రిడ్జి) మీదుగా ఆ పలకకు చేరి, పలక గాలిని కదిలిస్తేనే మనకు నాదం వినిపిస్తుంది. అక్కడ చెక్క స్వభావమే వాద్యం. మీ గిటారులో ఆ పని పికప్, స్పీకరు చేస్తాయి.

అందువల్ల పనసను దాని నాదం కోసం కాకుండా వేరే గుణాల కోసం ఎంచుకోమంటాను. చేవ భాగానికి చెద పట్టడం అరుదు, ఉలికి బాగా లొంగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు రంగు తేనె రంగులోకీ, ఆ తరువాత ముదురు గోధుమలోకీ మారుతుంది. బెరడు పక్కనున్న తెల్లచెక్కకు ఈ మన్నిక లేదు. బాడీ అంచుల్లో అది రాకుండా గీతలు వేయించుకోండి. ఏకాండ వీణకు ఒకే దుంగ కావాలి గానీ మీకు ఆ నియమం లేదు. రెండు పలకలను మధ్యలో అతికించి చేయడం గిటారుల్లో మామూలే.

నెక్‌కు మాత్రం పనస వద్దు. పాత వీణల్లో దండి కుండతో కలిసేచోట ముందుకు వాలి, మేళం, అంటే మైనంలో కూర్చిన మెట్లు, మళ్లీ కట్టించవలసి రావడం వీణ వాయించేవారందరికీ తెలిసిన బాధ. వీణకు అయితే మైనం కరిగించి మెట్లను కొత్త వాలుకు సరిచేసుకోవచ్చు, గిటారుకు ఫ్రెట్లను చెక్కలో దిగగొట్టేస్తారు కాబట్టి ఆ వెసులుబాటు ఉండదు.

జవాబు: చిత్తూరు వైర్లూ తీగలూ

నేను ఆంప్లిఫయర్లు బాగుచేసేవాణ్ని, కాబట్టి నా పక్షపాతం ఎటువైపో ముందే తెలిసి చదవండి. ఎలక్ట్రిక్ గిటారులో అయస్కాంతం ముందు ఉక్కు తీగ కదిలినప్పుడు పికప్ చుట్టలో పుట్టే కరెంటే ధ్వని. చెక్క కంపనం నేరుగా ఆ చుట్టలోకి చేరదు. చెక్క చేయగలిగిందల్లా తీగనుంచి ఎంత శక్తిని ఏ స్వరాల దగ్గర లాక్కుంటుందన్నదే. పికప్‌ను బ్రిడ్జి నుంచి ఒక సెంటీమీటరు జరిపినా, దాని ఎత్తును ఒక మరలో సగం తిప్పినా, వాల్యూమ్ తిప్పే 250 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటరు బదులు 500 పెట్టినా మారేంత ధ్వని, ఆల్డర్ తీసి పనస పెడితే మారదు. డాన్‌ఎలెక్ట్రో కంపెనీ 1950లలో కలపనారతో నొక్కి చేసిన అట్టల్లాంటి మేసొనైట్ పలకలను కలప చట్రానికి అతికించి గిటార్లు చేసింది. వాటి ధ్వనికి ఇప్పటికీ అభిమానులున్నారు.

అయినా ఒక విషయంలో పలమనేరు వారితో పూర్తిగా ఏకీభవిస్తాను, చెక్క ఎక్కడైనా వినిపిస్తే అది నెక్‌లోనే. కొన్ని గిటార్లలో ఒకటి రెండు ఫ్రెట్ల దగ్గర స్వరం మిగతావాటికంటే ముందే చచ్చిపోతుంది.  1990లలో జర్మనీకి చెందిన హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ ట్స్వికర్ దీన్ని కొలిచి చూశారు. నెక్ సహజంగా ఊగే పౌనఃపున్యమూ ఆ స్వరమూ కలిసినచోట నెక్ తీగ శక్తిని మింగేస్తుందని తేలింది. నెక్ బిగువూ బరువూ మారితే ఆ చచ్చు స్వరం మాయం కాదు, పక్క ఫ్రెట్లకు జరుగుతుంది. హెడ్‌స్టాక్‌కు (ట్యూనర్లుండే నెక్ కొసకు) చిన్న క్లాంపు బిగించి చూస్తే మీకే వినిపిస్తుంది. అందుకని ఎంతో ఆలోచించి ఎంచుకున్న చెక్కతో కూడా అది రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

గదులు తొలిపిస్తే ధ్వని పాడవుతుందేమోనని భయపడకండి. బాగా పెద్ద శబ్దంతో, ఎక్కువ గెయిన్‌తో వాయిస్తే కొంచెం ముందుగా ఫీడ్‌బ్యాక్ రావచ్చు, అంతే. డబ్బు మిగిలితే చెక్క మీద కాకుండా మంచి పికప్‌ల మీద, గుంటల్లో రాగి రేకు పరిపించడం మీద పెట్టండి. సింగిల్ కాయిల్ పికప్‌లతో మన ఇళ్లలో వినిపించే కరెంటు గుర్రుకు చెక్క వైద్యం చేయలేదు.

కొర్లగుంట గిటారు

అందరికీ కృతజ్ఞతలు. ఎర్రచందనం సంగతి అక్కడితో ముగిసింది, మిత్రుడికి ఆ జవాబు పంపించాను.

పనస పలకల్లో ముళ్లు లేని రెంటిని ఎంచి తూచాను. రెండూ కలిపి 55 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు, 4.8 మందం, అంటే 9.5 లీటర్లు. బరువు 5.9 కిలోలు కాబట్టి సాంద్రత 0.62. మధ్యనుంచి తీసిన ముక్కలో తేమ 13 శాతం తేలింది. పలకలను పడకగదిలోకి తెచ్చి పేర్చాను. బాడీకి అదే వాడతాను, గదులు తొలిపిస్తాను.

టేకు దూలం నాలుగంగుళాల చదరం. ఒక కొనలో జానెడు పొడవు నెర్రె ఉంది, రెండు పక్కల పాత మేకుల బొక్కలున్నాయి. పైన చిత్రిక పట్టి చూస్తే లోపల చెక్క ముదురు బంగారు రంగులో, రేఖలు దాదాపు నిటారుగా ఉన్నాయి. ఈ బొక్కలున్న చెక్కను నెక్‌కు వాడటం తెలివైన పనేనా? ఒకే ముక్కలోంచి తీయాలా, అతికించాలా? ఫ్రెట్‌బోర్డుకు బిల్లుతో రోజ్‌వుడ్ దొరక్కపోతే టేకునే పెట్టవచ్చా?

జవాబు: పలమనేరు కొయ్యపని

బొక్కల గురించి దిగులు వద్దు. క్వీన్ బృందంలోని బ్రయన్ మే 1963లో తన తండ్రితో కలిసి మొదలుపెట్టిన రెడ్ స్పెషల్ గిటారు నెక్, పాత ఇంటి నిప్పుగూడు మీది మహాగని పలకలోంచి తీసినదే. దానిలోని పురుగు బొక్కలను అగ్గిపుల్లలతో పూడ్చారు. అది ఇప్పటికీ వేదికల మీద మోగుతూనే ఉంది. మీరు చూడవలసింది మేకులు లోపల విరిగి మిగిలాయా అని. ఇనుప ముక్క తగిలితే కోతమిల్లు రంపమూ పాడవుతుంది, మనిషికీ ప్రమాదం. అయస్కాంతంతో నాలుగు పక్కలా తడిమి, అనుమానమున్నచోట ఉలితో తెరిచి తీయించండి. నెర్రె ఉన్న కొనను, నెర్రె ఆగినచోటు దాటి ఇంకో జానెడు వదిలి కోసేయండి. మిగిలినది ముప్పై అంగుళాలు ఉంటే నెక్‌కు చాలు.

ఒకే ముక్కలోంచి తీయవద్దు. దూలాన్ని నిలువునా పలుచని బద్దలుగా కోయించి, మూడు బద్దలను అతికించి దిమ్మ చేయండి. పక్కపక్క బద్దలను ఒకదానికొకటి తలకిందులుగా తిప్పి పెడితే, ఒకటి ఎటు వంగాలని చూస్తే పక్కది దాన్ని అటు పోనివ్వదు. కొననుంచి చూసినప్పుడు వలయాల గీతలు ఫ్రెట్‌బోర్డుకు లంబంగా, అంటే నిలువుగా కనిపించాలి. దూలంగా ఎన్నో ఏళ్లు ఇంటి బరువు మోసిన చెక్కలో ఒత్తిడి దాగి ఉంటుంది, కోయగానే కొన్ని బద్దలు విల్లులా వంగుతాయి. అందుకని కావలసినవాటికంటే ఎక్కువ బద్దలు, ఒక్కొక్కటి నాలుగైదు మిల్లీమీటర్లు లావుగా కోయించి, కొన్ని వారాలు ఊరికే ఉంచి, నిటారుగా నిలిచినవాటినే ఏరుకోండి. ఈ ఓపిక లేకపోతే పాత చెక్క వాడి ప్రయోజనం లేదు.

అతికించేటప్పుడు టేకులోని నూనె అడ్డుపడుతుంది. కాబట్టి చిత్రిక పట్టిన వెంటనే, అదే గంటలో, అసిటోన్‌తో తుడిచి అతికించాలి. తలుపులకు వాడే మామూలు తెల్ల జిగురు వద్దు. మన వేసవిలో మూసి ఉన్న కారులో గిటారు ఒక మధ్యాహ్నం ఉంటే ఆ జిగురు మెత్తబడి, తీగల లాగుడుకు అతుకు మెల్లగా జారుతుంది. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ వాడండి. టేకులో ఇసుక పాలు ఉంటుంది కనుక రౌటరు బ్లేడు కార్బైడుది కాకపోతే సగం పనిలోనే మొద్దుబారుతుంది, ఇది ఆచారి గారికి ముందే తెలిసి ఉంటుంది. పనస పలకల్లో కొన్నిచోట్ల రేఖలు ఎదురెదురు తిరిగి ఉంటాయి, అక్కడ రౌటరును లోతుగా దించితే పెళ్లలు లేస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పునే దించమనండి. ఈ చెక్కల పొడి ఊపిరికి మంచిది కాదు, ముక్కుకు మాస్కు తప్పనిసరి.

నెక్ మందాన్ని మొదటి ఫ్రెట్టు దగ్గర 22, పన్నెండో ఫ్రెట్టు దగ్గర 24 మిల్లీమీటర్లు ఉంచండి. ట్రస్ రాడ్ రెండువైపులా తిరిగే రకమై ఉండాలి. ఫ్రెట్ల దూరాలకు సూత్రం ఒక్కటే, ప్రతి ఫ్రెట్టునుంచి బ్రిడ్జి వరకు మిగిలిన దూరాన్ని 17.817తో భాగిస్తే తరువాతి ఫ్రెట్టుకు ఉండవలసిన దూరం వస్తుంది. 647.7 మిల్లీమీటర్ల తీగకు మొదటి ఫ్రెట్టు నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే బద్ద) నుంచి 36.35 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 323.85 దగ్గర వస్తాయి. పన్నెండోది సగంలో పడకపోతే లెక్కలో ఎక్కడో తప్పు జరిగిందని అర్థం. ప్రతి గీతనూ నట్ నుంచే కొలవాలి. ముందు ఫ్రెట్టునుంచి తరువాతి ఫ్రెట్టుకు కొలుచుకుంటూ పోతే ప్రతి గీత తప్పూ తరువాతి గీతకు చేరి పెరుగుతుంది.

ఫ్రెట్‌బోర్డుకు టేకు మెత్తన. తీగలు నొక్కేచోట కొన్నేళ్లలో గుంటలు పడతాయి. రోజ్‌వుడ్ బిల్లుతో దొరకకపోతే మన ప్రాంతంలోనే రెండు చెక్కలున్నాయి. ఒకటి నల్లతుమ్మ చేవ, బండి చక్రాలకూ పారల పిడులకూ వాడింది అదే కాబట్టి దాని గట్టితనానికి సాక్ష్యం వేరే అక్కరలేదు. రెండోది చింత చేవ. ముదురు చెట్ల నడుమ మాత్రమే దొరికే ఆ నల్లని ఊదారంగు చెక్క రోజ్‌వుడ్ కంటే అందంగా ఉంటుందని నేనంటాను. అయితే ఎండేటప్పుడు చీలే గుణం దానికి ఎక్కువ. పచ్చి ముక్క కొనకుండా, ఎవరి గానుగలోనో, పాత మొద్దులోనో ఏళ్ల తరబడి ఎండినది దొరికితే పది మిల్లీమీటర్ల పలక కోయించి, రెండు కొనలకూ మైనం పూసి, మీ పనస పలకల పక్కనే ఆరబెట్టండి.

ఒక సంగతి పాలిష్ గురించి. పనస పసుపు రంగు స్పిరిట్‌లో కరుగుతుంది. ఫ్రెంచ్ పాలిష్ గుడ్డతో రుద్దితే ఆ పసుపు పక్కనున్న లేతరంగు చెక్కకు పాకుతుంది. బాడీ మీద వేరే రంగు పలక కప్పాలనుకుంటే ముందు సీలరును స్ప్రేతో పలుచగా కొట్టించి, అది గట్టిపడ్డాకే గుడ్డ పట్టండి. గదులు తొలిచాక బాడీ బరువెంత వచ్చిందో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి నెక్ వైపు వాలుతుందో లేదో చూసి పట్టీ గుండీ ఎక్కడ పెట్టాలో చెబుతాను.